రెండో మోటారు మీద రాసిన చీటీ

2024 మార్చి 22, శుక్రవారం, పొద్దున ఏడుంబావు గంట. తమిళ సీమలో, కోవిల్‌పట్టి నుంచి కళుగుమలైకి పోయే రోడ్డు పక్క ఊళ్ళో, శీనిసామి నాయకర్ ఇంటి షెడ్డులో, 1964 మోడలు అంబాసిడర్ కారులో కూర్చొని నేను స్టార్టరు పిడి లాగాను. కొత్త మోటారు గిర్రుమని తిరిగింది. ఇంజిను కదల్లేదు. ఇంకోసారి లాగాను. మళ్ళీ గిర్రే. మూడోసారి లాగలేదు. మూడోసారి లాగేవాడు పని తెలియనివాడు.

ఆ పని నాకు ఒప్పజెప్పి అప్పటికి నెల దాటింది. గడువు ఆ వచ్చే సోమవారం, గుడి పండగ పంగుని ఉత్తిరం. ఆ రోజు శీనిసామి నాయకర్ తల్లి కొండమ్మవ్వ ఆ కారులోనే కళుగుమలై పోయి సామిని చూడాలి. ఎనభై నాలుగేళ్ళ మనిషి. కోడలుగా ఆ ఇంట్లో కాలు పెట్టిన ఏటి నుంచి ఉత్తిరానికి ఆ కారు తప్ప వేరే బండి ఎక్కలేదు. వేరే కారు పెడతానమ్మా అని కొడుకు అంటే, అట్లయితే వేరే కొడుకుని కూడా పెట్టు అన్నదట.

పాత కారుకి ముందు నుంచి ఇనుప హేండిలు దూర్చి చేత్తో తిప్పొచ్చు కదా అని తెలిసినవాళ్ళు అడుగుతారు. తిప్పొచ్చు. అయితే ఆ హేండిలు ఒకసారి ఎదురు తన్ని అవ్వ పెనిమిటి మణికట్టు విరిచింది. ఆ రోజే ఆమె దాన్ని బావిలో వేయించేసింది. నలుగురు తోసి స్టార్టు చేద్దామన్నా ఒప్పుకోలేదు. దేవుడి దగ్గరికి తోసుకుంటూ పోయేదానికి కారెందుకు, ఎద్దుల బండి చాలదా అన్నది. కాబట్టి స్టార్టరు మోటారు పని చెయ్యాలి, అంతే.

నా పేరు ఎత్తిరాజు. యాభై ఏళ్ళు కోవిల్‌పట్టిలో ఆటో ఎలక్ట్రీషియన్‌గా పని చేశాను. ఇంజిను లోపలిది మెకానిక్కుది. బ్యాటరీ, డైనమో, స్టార్టరు, దీపాలు, హారను, వాటిని కలిపే తీగలన్నీ మావి. మా పనిలోనూ వరస ఉంది. సామాను విప్పేవాడు వేరు, అతికేవాడు వేరు, మేస్త్రీ వేరు. ఒక సామాను ఇక పనికిరాదని తీర్మానించడాన్ని 'కండం' చెయ్యడం అంటాం. కండం చేసే హక్కు మేస్త్రీకి ఒక్కడికే. మేస్త్రీ కండం అన్నాక అంగడివాడు నోరెత్తకుండా సామాను వెనక్కి తీసుకోవాలి. అందుకే ఆ మాట ఊరికే అనకూడదు. యాభై ఏళ్ళలో నేనన్న కండం ఒక్కటీ తిరగబడలేదు. కొత్త కార్లు నేను ముట్టను. నా రిపేరు షెడ్డు ఎప్పుడో వేరేవాళ్ళకి ఇచ్చేశాను. పాత కార్లవాళ్ళు నన్ను వెతుక్కుంటూ వచ్చేది ఆ ఒక్క పేరు కోసమే.

ఇంకొకటి కూడా చెప్పాలి. నాకు అక్షరాలు వచ్చింది నలభై ఆరో ఏట. అవీ తమిళ అక్షరాలు. తెలుగు అక్షరాలు అరవై దాటినాక నేర్చుకున్నాను, ఇంట్లో మాట్లాడే భాషకి మొహం ఎట్లుంటుందో చూడాలని. ఆలస్యంగా రాత వచ్చినవాడికి ఒక జబ్బు ఉంటుంది. నోటితో చెప్తే సరిపోయేదాన్ని కూడా కాగితం మీద పెట్టాలనిపిస్తుంది. ఆ జబ్బు ఈ కథలో పనికి అడ్డం వచ్చింది.

ఇక మోటారు సంగతి. కారుతో వచ్చిన అసలు మోటారు మాసి నెలలో, అంటే ఫిబ్రవరిలో, కాలిపోయింది. లోపల తిరిగే తీగచుట్ట, అదే ఆర్మేచరు, మాడింది. అట్లాంటివాటికి మళ్ళీ తీగ చుట్టే మనిషి మా పక్క ఇప్పుడు లేడు. వేరే ఎవరో చేసి అమ్మే కొత్త మోటారే గతి. అది విరుదునగర్‌లో కోదండం అంగట్లో చెప్పిపెట్టాము. కోదండం వాళ్ళది మగ్గం నేసే ఇల్లు. అతను ఒక్కడే మగ్గం విడిచి స్పేర్ పార్టులకి వచ్చాడు. నాకంటే పన్నెండేళ్ళు చిన్న, నన్ను అన్నా అంటాడు. అంగట్లో మేము మాట్లాడేది తమిళం. తగువు వస్తే తెలుగులోకి దిగుతాము, గిరాకీకి అర్థం కాకుండా. మా ఇద్దరి తెలుగులో సగం తిట్లే.

మార్చి రెండో వారంలో మొదటి మోటారు వచ్చింది. తెచ్చిన అరగంటలో బిగించాను. చల్లగా ఉన్నప్పుడు ఇంజినుని తిప్పింది. నాలుగుసార్లు లాగేసరికి వేడెక్కి మూలిగింది, అయిదోసారికి నిలిచిపోయింది. విప్పి చూస్తే వెనకపక్క బుష్ వదులు. బుష్ అంటే షాఫ్టు కొన తిరిగే కంచు ఉంగరం. అది వదులైతే లోపలి చుట్ట ఊగి, చుట్టూ ఉన్న ఇనుముకి రాసుకుంటుంది. రాసుకున్న చోట అద్దంలా మెరుస్తా ఉంది. కండం చేశాను. చీటీ రాశాను: "వెనక బుష్ వదులు. ఆర్మేచరు రాసుకుంటోంది. కండం. ఎత్తిరాజు మేస్త్రీ." కోదండం ఆ చీటీ చూసి, మోటారు చూసి, మారుమాట లేకుండా ఇంకొకటి తెప్పించాడు. అంతే కాదు, చీటీని అంగడి గోడకి అంటించాడు, మేస్త్రీ దస్తూరి చూడండి, పొరుగు కోళ్ళు వచ్చి గీరినట్టు ఉంది అని అందరికీ చూపించడానికి.

రెండో మోటారుకి నేనే విరుదునగర్ పోయాను. మార్చి 20, బుధవారం. ఈసారి అంగట్లోనే బల్ల మీద బిగించి, బ్యాటరీ తీగలు పెట్టి చూశాము. పది సార్లు తిప్పాను. వేడెక్కలేదు, మూలగలేదు, పినియన్ ప్రతిసారీ ఠక్కున ముందుకి దూకింది. పినియన్ అంటే మోటారు షాఫ్టు కొనలో ఉండే చిన్న పళ్ళచక్రం. ఆ కాలం కార్లలో అది మర తొలిచిన గొట్టం మీద వదులుగా కూర్చొని ఉంటుంది. మోటారు ఒక్కసారిగా తిరిగితే పినియన్ తన బరువుకి వెనకబడి, మర మీద జారి ముందుకి పోయి, ఇంజిను పెద్ద చక్రం పళ్ళని పట్టుకుంటుంది. ఇంజిను అందుకోగానే వెనక్కి విసిరేయబడుతుంది. దాన్ని తోసేది ఏమీ లేదు, జారుడు ఒక్కటే దాని బలం. అందుకని ఆ మరని ఎప్పుడూ పొడిగా పెట్టాలి. గ్రీజు వద్దు, నూనె వద్దు. ఇది మా పనిలో మొదటి ఏట చెప్పే పాఠం.

గురువారం సాయంత్రం మోటారు తీసుకొని ఊరికి పోయాను. ఆ రోజు మంచిది కాదు, శుక్రవారం పొద్దున బిగించు అన్నాడు నాయకర్. సరే అని మోటారుని వాళ్ళింట్లో పెట్టి వచ్చేశాను. శుక్రవారం పొద్దున పోతే, మోటారు సామి పటాల ముందు ఉంది. దాని వీపున మూడు పసుపు బొట్లు, నడుమ కుంకుమ. చూసి దండం పెట్టుకున్నాను. బొట్టు పెట్టినవాళ్ళు ఇంకేం పెట్టారో అడగలేదు. ఎత్తుకొని పోయి బిగించాను. తర్వాత జరిగింది మొదట్లోనే చెప్పాను. గిర్రుమన్నది, కదల్లేదు.

వరసగా చూశాను. బ్యాటరీ నిండుగా ఉంది. ఇంజినుకి, బాడీకి నడుమ ఉండే ఎర్త్ పట్టీ గట్టిగా ఉంది. మోటారు తిరిగేటప్పుడు వోల్టేజీ పెద్దగా పడలేదు, అంటే మోటారు ఏ బరువూ మొయ్యడం లేదు, ఒంటరిగా తిరుగుతోంది. పినియన్ ముందుకి పోవడం లేదు. ఇంతవరకు నేను చేసినదాంట్లో తప్పు లేదు. తర్వాత చెయ్యాల్సింది మోటారు విప్పి, చేత పట్టి, పినియన్ ఎందుకు పోవడం లేదో చూడటం. విప్పాలంటే మళ్ళీ కారు కిందికి దూరాలి. నాకు డెబ్బై ఒకటి. అప్పుడే దూరి వచ్చిన నడుము ఇంకోసారి వద్దన్నది. అదీగాక మొదటి మోటారు కండం అయినదేనాయె, రెండోది ఎందుకు కాకూడదు? జేబులో పెన్ను ఉంది. కారు బానెట్టు మీదనే కాగితం పెట్టి రాశాను: "ఇది కూడా మొదటిదాని తోబుట్టువే. పినియన్ పోదు. కండం. వచ్చి తీసుకొని పో. ఎత్తిరాజు మేస్త్రీ."

ఆ చీటీని బస్సులో ఇచ్చి పంపితే మధ్యాహ్నం అయ్యేది. ఈ లోపల నా బుద్ధి తిరిగి వచ్చేదేమో. నాయకర్ దాన్ని ఫోటో తీసి కోదండానికి వాట్సప్‌లో పంపించేశాడు. కోదండం దాన్ని చదివీ చదవకుండానే మా గ్రూపులో పెట్టాడు. విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి మేస్త్రీలూ అంగళ్ళవాళ్ళూ అందరూ ఉండే గ్రూపు అది. కింద ఒక మాట రాశాడు: బల్ల మీద పది సార్లు దూకిన పినియన్ పల్లెటూరికి పోయి కాళ్ళు పడిపోయిందంట, నేనే పోయి చూసి వస్తాను. మేస్త్రీకి కళ్ళజోడు మార్చాలని ఒకడు, మోటారుకి మేస్త్రీని మార్చాలని ఇంకొకడు రాశారు. నాయకర్ నా ఫోను తీసుకొని ఒక్కొక్కటీ గట్టిగా చదివి వినిపించాడు, నేను అడగకుండానే.

తొమ్మిదింటికల్లా కోదండం స్కూటరు మీద వచ్చి దిగాడు. హెల్మెట్ తీయకుండానే మొదలుపెట్టాడు.

"ఏన్నా, చీటీ నువ్వే రాస్తివా, లేకుంటే నీ పేరు పెట్టి వేరే ఎవరైనా రాసిరా?"

"నేనే రాస్తిని. దస్తూరి తెలీలేదా? కోళ్ళు గీరినట్టు లేదూ?"

"బల్ల మీద దూకింది నువ్వు చూడలా?"

"చూస్తిని. నీ బల్ల మీద అన్నీ దూకతాయి. కారులో దూకాల గదా."

అంగట్లో అయితే ఈ తగువు గిరాకీకి అర్థమయ్యేది కాదు. ఇక్కడ ఇంటివాళ్ళూ తెలుగువాళ్ళే. ఆ రోజు మాకు దాచుకోడానికి భాష లేకుండా పోయింది. కొండమ్మవ్వ షెడ్డు ఎదుటి తిన్నె మీద కాళ్ళు చాచుకొని కూర్చొని ఒక్క మాట వదలకుండా వింటోంది.

కోదండం పందెం వేశాడు. మోటారుది తప్పైతే దాన్ని నెత్తిన పెట్టుకొని ఫోటో దిగి తానే గ్రూపులో పెడతాడు. మోటారు మంచిదైతే నేను ఇంకొక చీటీ రాయాలి, అది మొదటి చీటీ పక్కన గోడకి ఎక్కాలి. అంతటితో ఒప్పుకొని ఊరుకుంటే సరిపోయేది. నాకు రోషం వచ్చింది. నా కండం తప్పైతే ఈ రోజుతో స్పానరు కింద పెడతాను పో అన్నాను. నాయకర్ అది కూడా రికార్డు చేశాడని తర్వాత తెలిసింది.

పదిన్నరకి రాహుకాలం. ఆ లోపల తేలాలి. కారు కిందికి కోదండమే దూరాడు. ముందు బ్యాటరీ తీగ విప్పి పక్కన పెట్టాము, తర్వాత మోటారు తీగ, తర్వాత రెండు బోల్టులు. మోటారు బయటికి వచ్చింది. కోదండం దాన్ని ఒళ్ళో పెట్టుకొని పినియన్‌ని వేలితో తోశాడు. అది కదల్లేదు. నాకు ప్రాణం లేచి వచ్చింది. చూస్తివా అన్నాను. అతను ఇంకా గట్టిగా తోశాడు. అది మెల్లగా, పెళ్ళికూతురు నడిచినట్టు, ముందుకి పోయి అక్కడే నిలబడింది. చూస్తివా అని మళ్ళీ అన్నాను.

కోదండం వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఇంకోసారి వాసన చూశాడు.

"అన్నా, మీ ఊళ్ళో మోటారుకి తలంటి పోస్తారా?"

నేను ముక్కుపొడి పీల్చే మనిషిని. నలభై ఏళ్ళుగా నా ముక్కుకి ఒక్క పొడి వాసన తప్ప వేరేది తెలియదు. అందుకే పొద్దున నాకు ఏమీ తట్టలేదు. ఇప్పుడు వేలు పెట్టి చూశాను. జిగట. చిక్కగా, తేనెలాగా, మర గాడిలో నిండా ఉంది. ఆముదం. మాకు చిన్నప్పుడు ఆదివారం ఆదివారం తాగించేదీ, తలకి పెట్టేదీ అదే. వేలికి అంటితే మర్చిపోతానా.

ముగ్గురమూ తిన్నె వైపు తిరిగాము.

"నేనే పోస్తిని," అన్నది కొండమ్మవ్వ. "ఏంటికి అట్ల చూస్తారు?"

"అమ్మా, దానికి ఏలమ్మా ఆముదం?" అన్నాడు నాయకర్.

"కొత్త ఇనుముకి ఆముదం తాపకుండా పనికి పెడతారా ఎవరైనా? పార వస్తే పోస్తాము, కొడవలి వస్తే పోస్తాము. ఇది ఇనుము కాదా? మీద అంతా రంగు పూసి పెట్టినారు, రంగు మీద పోస్తే యాడ తాగతాది? పళ్ళున్న చోట ఒక్కటే బోడిగా ఉండె. అక్కడ పోస్తిని. గిన్నెడు తాగె."

గిన్నెడు అన్న మాటకి కోదండం స్కూటరు సీటు మీద కూర్చుండిపోయాడు. అంతటితో ఆగి ఉంటే నేను కూడా నవ్వేవాణ్ణి. అవ్వ నా వైపు చెయ్యి చాపింది.

"ఎత్తిరాజే గదా చెప్పె."

నేను చెప్పలేదన్నాను.

"ఎట్ల చెప్పలా? మాసి నెలలో నువ్వు కారు చూడను వచ్చిన పొద్దు, నేను కొత్త పారకి ఆముదం రాస్తా ఉంటిని. కాఫీ తాగతా నువ్వేమంటివి? ఇప్పుడు ఎవరమ్మా ఇనుముకి ఆముదం తాపేది, కంపెనీవాళ్ళు తాపకుండా పంపిస్తారు, అందుకే కొత్త సామాను మూడు నాళ్ళలో మూలపడతాయి అనలేదా? పెద్ద మేస్త్రీ చెప్పె గదా అని నేను పోస్తిని."

అన్నాను. అక్షరం పొల్లుపోకుండా అదే అన్నాను. ఆ ఇంట్లో కాఫీ బాగుంటుంది, కరుపట్టి, అదే తాటిబెల్లం, వేసి ఇస్తారు. రెండో గ్లాసు వస్తుందని అన్నాను. పారకి అది నిజమే కూడా. పినియన్‌కి అది విషం. అవ్వకి పారకీ పినియన్‌కీ తేడా తెలియాల్సిన పని లేదు. ఆ తేడా తెలిసినవాణ్ణి నేను, చెప్పాల్సినవాణ్ణి కూడా నేనే.

కోదండానికి ఇంకొక అనుమానం వచ్చింది. మొదటిదానికి కూడా పోసి ఉంటే, నేను కండం చేస్తే తాను వెనక్కి పంపిన ఆ మోటారు కూడా మంచిదేనేమో. అవ్వా, ముందు దానికీ పోస్తివా అని అడిగాడు. ఆ కండం కూడా తప్పైపోతే నాకు మిగిలేది ముక్కుపొడి డబ్బా ఒక్కటే.

"దానికి యాడ పోయనిచ్చినాడు? వచ్చీ రాగానే బిగించేసె. తాగకుండా పోయింది గాబట్టే అది చెడిపాయె అనుకొంటిని. అందుకే దీనికి రెండింతలు పోస్తిని."

బుష్ వదులు మాట నిలిచింది. రెండోది నిలవలేదు.

తర్వాత పని పావు గంట. పినియన్‌నీ మరనీ పెట్రోలులో కడిగి, పళ్ళు తోమే బ్రష్‌తో గాడి గాడీ తోమి, మళ్ళీ కడిగి, సైకిలు పంపుతో గాలి కొట్టి ఆరబెట్టాము. నేను కడిగాను, కోదండం పంపు కొట్టాడు. వేలితో తోస్తే ఠక్కున దూకింది, వదిలితే ఠక్కున వెనక్కి వచ్చింది. బిగించాము. పది గంటల ఇరవై నిమిషాలకి నేను పిడి లాగాను. పినియన్ పళ్ళు పట్టిన చప్పుడు ఒక్కటి, వెంటనే ఇంజిను అందుకుంది. అవ్వ తిన్నె మీద నుంచి, ఇంకోసారి ఆపి లాగు, మళ్ళీ చూద్దాం అన్నది. ఆరుసార్లు లాగాను. ఆరుసార్లూ పట్టింది.

అప్పుడు ఆమె అడిగింది, అట్లయితే పారని కూడా పెట్రోలుతో కడగాలా అని. వద్దమ్మా, పారకి నువ్వు చేసిందే సరి అన్నాను. ఈసారి కాఫీ కోసం కాదు.

కోదండం జేబులో నుంచి తెల్ల కాగితం తీసి కారు బానెట్టు మీద పెట్టాడు, పెన్ను నా చేతికిచ్చాడు. నేను రాసింది ఇది: "రెండో మోటారు మంచిది. విప్పి చూడకుండా కండం అన్నాను. ఆముదం కొండమ్మవ్వది, మాట నాది, తప్పు నాది. ఎత్తిరాజు." మేస్త్రీ అని రాయలేదు. కోదండం అది గమనించి, అన్నా, స్పానరు మాట కోపంలో అన్నది, దాన్ని విడిచిపెట్టు అన్నాడు. కండం మాట కూడా తొందరలో అన్నదే, దాన్ని విడిచిపెట్టావా అన్నాను. స్పానర్ల పెట్టె అతని స్కూటరు ముందు పెట్టి పంపించాను. అందులో ఇంచి కొలత స్పానర్ల వరస ఉంది, పాత కార్లకి అవే కావాలి. అతనికి పనికొస్తాయి.

సోమవారం కారు కళుగుమలై పోయి వచ్చింది. అవ్వ ముందు సీట్లో కూర్చొని పోయిందని, దోవలో రెండు చోట్ల కావాలనే ఇంజిను ఆపించి మళ్ళీ స్టార్టు చేయించి చూసిందని నాయకర్ చెప్పాడు. నేను పోలేదు. ఆ రోజు ఇంట్లో కూర్చొని ఇది రాయడం మొదలుపెట్టాను. నా దస్తూరికి ఇన్నాళ్ళు పట్టింది.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి చెప్పేది ఇంతే. సామాను అంగడి బల్ల మీద బాగుండి కారులో బాగలేకపోతే, ఆ రెంటి నడుమ అది ఏ ఇంట్లో పడుకుందో, ఎవరి చేతుల మీదుగా వచ్చిందో మొదట అడగాలి. విప్పి చేత పట్టకుండా కండం అనకూడదు, నడుము ఎంత నొప్పిగా ఉన్నా సరే. గిరాకీ ఇంట్లో కాఫీ తాగుతూ పని గురించి పొగడ్త మాటలు చెప్పకూడదు. మనం మర్చిపోతాము, వాళ్ళు చేసి పెడతారు.

ఇప్పుడు విరుదునగర్ బజారులో ఈ కథ కళ్ళారా చూసినట్టు చెప్పేవాళ్ళు చాలామంది తయారయ్యారు. ఆముదం గిన్నెడు కాదు చెంబెడు అని ఒకడు, అవ్వ నన్ను పారతో తరిమిందని ఇంకొకడు. అందుకని పేర్లు రాసిపెడుతున్నాను. ఆ శుక్రవారం ఆ షెడ్డు దగ్గర ఉన్నది నలుగురం: కారు మనిషి శీనిసామి నాయకర్, ఆయన తల్లి కొండమ్మవ్వ, విరుదునగర్ స్పేర్ పార్టుల కోదండం, పదిన్నర దాకా మేస్త్రీగా ఉన్న ఎత్తిరాజు.